మావారి చిన్నిల్లు

అరవై ఎనిమిదో ఏట మావారికి చిన్నిల్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. కంగారు పడకండి. మొదట ఆ మాట వినగానే నేనూ ఉలిక్కిపడ్డ మాట నిజమే. తీరా చూస్తే ఆయన అంటున్నది అక్షరాలా చిన్న ఇల్లే. మధిర దగ్గర మా అత్తవారి ఊళ్ళో రెండువందల యాభై గజాల పాత స్థలం ఉంది. మట్టిగోడల ఇల్లు ఏనాడో కూలిపోయి తుమ్మచెట్లు మొలిచాయి. అక్కడ ఒక గది, ఒక హాలు, వంటిల్లు, ముందు వసారా, మొత్తం కలిపి ఆరువందల చదరపు అడుగులు, అంతకి ఒక్క అడుగు మించకూడదట. ఏసీ ఉండదు. కూరలు పెరట్లోవి. కరెంటు సూర్యభగవానుడిది. "ఒకరిమీద ఆధారపడకుండా మన బతుకు మనం బతుకుదాం" అన్నారు. బెజవాడలో మూడో అంతస్తు ఫ్లాట్లో ఉంటూ, లిఫ్టు పాడైనప్పుడల్లా మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే నాకు ఆ మాట చల్లగానే వినిపించింది.

ఆ తర్వాత జాబితా చదివారు. గ్యాస్ వద్దు, మిక్సీ వద్దు, ఫ్రిజ్ వద్దు. కట్టెలపొయ్యి, రోలు, కుండలో నీళ్ళు. "రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు" అంటూ కళ్ళు మూసుకున్నారు. రుబ్బేది ఎవరండీ అన్నాను. కళ్ళు తెరిచారు.

నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ ఆ స్థలంలో ఉన్న ఇంట్లోనే ముప్ఫై ఏళ్ళు సంసారం చేశారు. లెక్కకి అంతకంటే తన కాళ్ళమీద తను నిలబడ్డ ఇల్లు ఉండదు. బియ్యం పొలంలోవి, పాలు పాడివి, పప్పు తిరగట్లో విసిరింది, నీళ్ళు నూతిలోవి, పిడకలు గోడమీదివి. కరెంటు లేదు కనక బిల్లూ లేదు. మరి ఆ ఇల్లు దేనితో నడిచిందంటారా? ఆవిడ నడుముతో నడిచింది. గొట్టంతో పొయ్యి ఊదీ ఊదీ పట్టుకున్న దగ్గు ఆవిణ్ణి చివరిదాకా వదల్లేదు. 1983లో మా దగ్గర ఉండటానికి బెజవాడ వచ్చారు. ఆ మరుసటేడు, పేరు రాయించుకున్న నాలుగేళ్ళకి, మాకు గ్యాస్ వచ్చింది. ఆవిడ బండకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఎనిమిదింటికల్లా వంట అయిపోతే ఏం చెయ్యాలో తోచక, చేతులు ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప దగ్గర కూచున్నారు. "అయిపోయినట్టేనా అమ్మాయ్?" అని రెండుసార్లు అడిగారు.

ఈ సంగతి గుర్తు చేస్తే మావారు కాసేపు మాట్లాడలేదు. వాళ్ళమ్మే కదా. తర్వాత రోలు తనే రుబ్బుతానన్నారు. భర్త మాట నమ్మకపోవడం భావ్యం కాదని చిన్న రోలొకటి తెప్పించాను. మూడు రోజులు రుబ్బారు. నాలుగోనాడు భుజం పట్టేసింది. ఇప్పుడా రోట్లో పిచ్చుకలు నీళ్ళు తాగుతున్నాయి. గ్యాస్, మిక్సీ, ఫ్రిజ్ మూడూ పరువుగా జాబితాలోకి వచ్చి చేరాయి.

అయినా నాలో భక్తి చాల్లేదని ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. అమెరికాలో థోరో అనే ఆయన రాసిన 'వాల్డెన్'. 1845 జులై 4న ఆయన ఊరిబయట చెరువు దగ్గర, తన చేతుల్తో కట్టుకున్న పదిహేనడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఇంట్లో కాపురం పెట్టాడు. కాపురమంటే ఒక్కడే లెండి. రెండేళ్ళ పైచిలుకు ఉన్నాడు. ఇంటికైన ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లని అర సెంటుతో సహా రాశాడు. లెక్క రాసే మగవాణ్ణి చూస్తే నాకు గౌరవమే. కానీ ఇంటి పద్దులు రాసే అలవాటున్న మనకి, పద్దుల్లోకి ఎక్కనివి కూడా కనిపిస్తాయి కదా! స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. చెట్లు కొట్టిన గొడ్డలి అరువుది. తెచ్చినప్పటికంటే పదును పెట్టి తిరిగిచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల ఇల్లు నడిచివెళ్ళే దూరం. అప్పుడప్పుడు వెళ్ళి భోంచేసి వచ్చేవాడు కూడాను. ఇందులో తప్పుందని నేననను. బదులు తెచ్చుకోని సంసారం ఎక్కడుంది?

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆయన ఇంటికి చెక్కలు కావలసి వచ్చాయి. రైలుమార్గం పనికి వచ్చిన జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ తన గుడిసె అమ్ముతుంటే 4 డాలర్ల 25 సెంట్లకి బేరం చేశాడు. చూడటానికి వెళ్తే ఆ ఇల్లాలే దీపం వెలిగించి గోడలూ, కప్పూ చూపించింది. మర్నాడు తెల్లవారి అయిదింటికి వాళ్ళు ఖాళీ చెయ్యాలి, ఆరింటికి ఈయన స్వాధీనం చేసుకోవాలి. ఆరింటికి వెళ్తుంటే ఆ కుటుంబం దారిలో ఎదురయిందట. సంసారమంతా ఒక పెద్ద మూట. పరుపు, కాఫీగింజల మర, అద్దం, కోళ్ళు. పిల్లి మాత్రం తప్పించుకుని అడివి పట్టిందట, తర్వాత ఉచ్చులో పడి చచ్చిపోయిందట. పిల్లి ఏమయిందో తెలుసుకుని రాసిన ఆ మహానుభావుడు, కాలిన్స్ భార్య ఏ గూటికి చేరిందో మాత్రం రాయలేదు.

ఆ అద్దమూ, ఆ కోళ్ళూ నా కళ్ళముందునించి పోవడం లేదంటే మావారు నవ్వారు. నవ్వితే నవ్వారుగానీ, మీరే చెప్పండి. రెండిళ్ళకీ అవే చెక్కలు. వాటికింద ఉన్నన్నాళ్ళూ కాలిన్స్‌ది దరిద్రం. చేతులు మారగానే అదే చెక్కలకింద నిరాడంబర జీవితం. వద్దనుకుంటే వెళ్ళడానికి ఇంకో చోటుందా లేదా అన్నదే తేడా. మాకు ఫ్లాట్ ఉంది. మావారి పెన్షనుంది. ఊరు అచ్చిరాకపోతే తాళం వేసుకుని వచ్చేస్తాం. అలా రాగలిగినవాళ్ళు "మాకేమీ అక్కర్లేదు" అంటుంటే నాకెందుకో గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది.

సరే, అనుకుంటూ కూచుంటే ఇల్లు లేవదు. గోడల విషయంలో మావారికి గురువు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, మన దేశం వచ్చి, ఇక్కడి డాక్టరమ్మనే పెళ్ళాడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి. ఇంటికి కావలసిన సామానంతా అయిదు మైళ్ళ లోపలే దొరకాలని గాంధీగారు చెప్పిన మాట ఆయనకి తారకమంత్రం. ఆయన ప్రచారం చేసిన 'ర్యాట్ ట్రాప్' కట్టుబడిలో ఇటికల్ని పడుకోబెట్టరు, అంచుమీద నిలబెడతారు. గోడ మామూలు తొమ్మిదంగుళాలదే, లోపల మాత్రం వరసగా ఖాళీ గూళ్ళు ఏర్పడతాయి. ఇటికలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. గూళ్ళలో చిక్కుకున్న గాలి బయటి ఎండని తొందరగా లోపలికి రానివ్వదు. చలికాలంలో ఒక మందపాటి దుప్పటి కన్నా రెండు పల్చటివి వెచ్చగా ఉంటాయి చూడండి, అలాంటిదే.

మా తాపీమేస్త్రి ఆ పేరుకి అర్థం చెప్పించుకుని, "ఎలకబోను కడితే ఎలకలు రావామ్మా?" అన్నాడు. న్యాయమైన అనుమానమే. మొదటి వరసలు రెండుసార్లు విప్పి కట్టాడు. ఇటికల్లో మిగిలిందాంట్లో సగం కూలికే పోయింది. మావారు గొణిగారు గానీ నాకది నష్టమనిపించలేదు. బట్టీలో కాలే బొగ్గుకి పోవలసిన డబ్బు మనిషి చేతికి పోయింది.

ఇక కప్పు. పెంకుటిల్లే కావాలని మా ఇద్దరి పట్టుదల. మనం బెంగుళూరు పెంకులంటామే, అవి నిజానికి మంగుళూరువి. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మన దాకా వచ్చేసరికి ఊరిపేరు మారిపోయింది, పోనివ్వండి. పాతవి దొరుకుతాయని వెనక వీధికి వెళ్తే, ఒకావిడ తన పెంకుటిల్లు విప్పించి స్లాబు వేయించుకుంటోంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పెంకు పన్నెండు రూపాయలంది. నేను ఎనిమిదికి దింపాను. బేరం నా రక్తంలో ఉంది.

"చల్లటి ఇల్లు ఎందుకు విప్పుకుంటున్నావమ్మా?" అన్నాను, పెద్ద తెలిసినదానిలాగ.

"చల్లనని మాకు తెలవదా వదినమ్మా?" అంది. "ఏటా వానలకి ముందు పెంకులు సర్దించాల. సర్దేవాడు దొరకడు. కోతులు మందలమందలు దిగి పెంకులు పీకి వంటింట్లోకి దూకుతున్నయ్. అన్నం గిన్నె పొయ్యిమీద ఉండనియ్యవ్. మా ఆయన ఉన్నన్నాళ్ళు నిచ్చెనేసుకుని ఎక్కేటోడు. ఇప్పుడు నన్నెక్కమంటారా?"

ఇంటికొచ్చి మావారి వయసు, నిచ్చెన పొడుగు లెక్కేసుకున్నాం. పెంకుటి కప్పు మాటెత్తలేదు. మళ్ళీ బేకర్‌గారే గతి అయ్యారు. స్లాబులో అడుగుభాగపు కాంక్రీటు పెద్దగా బరువు మొయ్యదు, ఆ పని ఇనప చువ్వలు చూసుకుంటాయి. అందుకని చువ్వల మధ్య గళ్ళలో రెండేసి పాత పెంకులు ఒకదానిమీదొకటి పెట్టి, పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు కలిసివస్తుంది, పెంకుల మధ్య గాలి కొంత వేడిని ఆపుతుంది, కోతి తాత దిగివచ్చినా పీకలేడు. చువ్వల లెక్క మాత్రం ఇంజనీరు చేతే వేయించాం. నెత్తిమీది కప్పుతో పొదుపు ప్రయోగాలు కూడదు. అడుగున పూత పూయకుండా వదిలేస్తే, పడుకుని చూసినప్పుడు ఎర్రటి పెంకులు గళ్ళచీరలాగ కనిపిస్తాయి. కప్పుపైన తెల్లసున్నం కొట్టించాం.

సూర్యభగవానుడి సంగతి చెప్పలేదు కదూ. కేంద్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన సూర్య ఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల పలకలు పెట్టించాం. అరవై వేల రూపాయలు సబ్సిడీ వచ్చింది. ఎండ బాగున్న రోజున ఎనిమిది యూనిట్ల దాకా వస్తుంది. పగలు మనం వాడుకోగా మిగిలింది ఊరి లైనులోకి పోతుంది, రాత్రికి మళ్ళీ అక్కణ్ణించి తెచ్చుకుంటాం. పక్కింటికి తోడు పెరుగు ఇచ్చి పుచ్చుకోవడంలాంటిదే, కాకపోతే మీటరు చూస్తుంటుంది.

పెట్టించిన పదోరోజున మిట్టమధ్యాహ్నం ఊళ్ళో కరెంటు పోయింది. మావారు వసారాలోకి వచ్చి, వీధి వినేలా "మనకేం ఫరవాలేదు" అన్నారు. లోపల ఫ్యాను ఆగి ఉంది. మొహం చిన్నబుచ్చుకుని పెట్టినవాళ్ళకి ఫోన్ చేశారు. బ్యాటరీ లేకుండా లైనుతో కలిపిన సోలారు అంతేనట. ఊరి కరెంటు పోగానే మనదీ దానంతటదే ఆగిపోవాలి. లేకపోతే తీగ చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగులుతుంది. ఆయన ఫోన్ పెట్టేసి విసనకర్ర వెతుక్కున్నారు. "ఒకరిమీద ఆధారపడకుండా అన్నారే" అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. స్తంభంమీద ఎవరో ఉంటారు కదా.

వైశాఖంలో గృహప్రవేశం చేశాం. వెనక వీధి ఆవిడ మధ్యాహ్నం వచ్చింది, మొహం కందగడ్డలా ఉంది. హాల్లో చాపమీద చతికిలబడి, "ఇదేంటి వదినమ్మా, మీ ఇంట్లో ఇంత చల్లగా ఉంది!" అంది. వాళ్ళ స్లాబు రాత్రి పదయినా సెగలు కక్కుతోందట. మనవడు ఒళ్ళంతా చెమటకాయలతో నిద్రపోవడం లేదట. మావారు హుషారుగా సున్నం పూత గురించి చెప్పడం మొదలెట్టారు. "కొడుకునడగాల" అందావిడ. ఇల్లు ఆవిడదే, డబ్బు కొడుకుది.

నాకు పెంకు ధర గుర్తొచ్చింది. అయిదువందల పెంకులు, పెంకుకి నాలుగు రూపాయలు. నేను బేరమాడి మిగిల్చుకున్నది రెండువేలు. ఆవిడ వదులుకున్న చల్లదనం మాకు సగం చవగ్గా వచ్చినట్టు అనిపించింది. పోనీ ఇప్పుడిచ్చేద్దామంటే, అప్పుడిస్తే ధర అయ్యేది, ఇప్పుడిస్తే దానమవుతుంది. ఆవిడ పుచ్చుకోదు. నేనయినా పుచ్చుకోను. మావారు వచ్చే ఆదివారం మేస్త్రిని తీసుకెళ్ళి ఆ డాబామీద సున్నం కొట్టిస్తానంటున్నారు. అదయినా ఆవిడ ఒప్పుకోవాలి.

మజ్జిగ ఇచ్చాను. గ్లాసు అందుకుని తలెత్తి కప్పు వంక చూసింది. గుర్తుపట్టింది. "మా పెంకులే! కిందనించి చూస్తే ఇట్లుంటయ్యా?" అని కాసేపు అలాగే చూసి, వంటింటి వైపు చెయ్యి చాపింది. అక్కడ కొన్ని పెంకులు ఎరుపు తేలకుండా నల్లగా ఉంటాయి. సరిగ్గా కడగలేదని ఆ రోజు కూలివాణ్ణి నేను కేకలేశాను కూడా.

"అయి మా వంటింటి మీదియి," అంది. "ముప్ఫై ఏళ్ళ పొగ వదినమ్మా, కడిగితే పోద్దా?" నవ్వి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమంది.