లాబాను ఇంటి కొలువు



కోతపండుగ దినమున గురజాల ప్రాంతములోని ఒక గ్రామ సంఘములో ఉంటిని. లోపల కానుకలు వేలము పాడుచుండగా, గుడి వెనుక వేపచెట్టు క్రింద ఒక పడుచువాడు ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేయుచుండెను. అతడు హైదరాబాదులో ఒక స్టార్టప్ కంపెనీ ఉద్యోగి. తండ్రి కౌలుకు మిరప వేయు రైతు. ఆరాధన ముగిసిన పిమ్మట ఆ తండ్రి నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడి కొలువు మంచిదేనంటారా? ఆఫీసులో అందరం ఒకే కుటుంబం అంటాడు. పండగపూట కూడా మాతో కూర్చుని నాలుగు మెతుకులు తినడానికి వాడికి తీరిక లేదు" అనెను. వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి ఆదికాండము 29 నుండి 31 వరకు గల అధ్యాయములను మరల చదివితిని.

స్టార్టప్ అనగా ఒక క్రొత్త ఆలోచనతో, పెట్టుబడిదారుల సొమ్ముతో, కొద్దిమందితో మొదలై, త్వరగా పెద్దది కావలెనని పరుగెత్తు వ్యాపారము. 2015లో హైదరాబాదులో టీ-హబ్ ఏర్పడెను. 2016 జనవరి 16న కేంద్ర ప్రభుత్వము స్టార్టప్ ఇండియా పథకమును ప్రారంభించెను. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరువబడెను. ఇక ఇది పట్నపు సంగతి మాత్రమే కాదు. మన గుమ్మము వరకు వచ్చినది.

ఇందులోని మేలును ముందుగా ఒప్పుకొందము. 2005లో దీపావళికి బెంగళూరు నుండి ఇంటికి పోవుటకు ఫణీంద్ర సామ అను తెలుగు యువకునికి బస్సు టికెట్టు దొరకలేదు. ఆ కష్టము నుండియే అతడును అతని ఇద్దరు మిత్రులును 2006లో రెడ్‌బస్ ప్రారంభించిరి. నేడు మన పిల్లలు పండుగకు టికెట్టు తీసికొనునది అట్టి ఏర్పాటుల వలననే. ఇట్టి చోట్ల చిన్న వయస్సువానికిని పెద్ద బాధ్యత అప్పగింతురు. యజమానిని పేరు పెట్టి పిలువవచ్చును, ఒకే బల్లయొద్ద భుజింపవచ్చును. పల్నాటివారికి ఇది వింత కాదు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారికి చాపకూడు పెట్టించెననియు, ఊరు దూరముంచిన కన్నమదాసును సేనానిగా చేసెననియు మన వీరగాథ చెప్పుచున్నది. తాత దొర వాకిట చెప్పులు విడిచి నిలువబడగా, మనుమడు యజమాని ఎదుట కూర్చుండి "ఈ లెక్క తప్పు" అని చెప్పగలుగుట స్వల్ప విషయమా? ఆ పడుచువాడు నాతో అన్నదియు ఇదే: "అక్కడ నా మాట వింటారు అయ్యగారూ."

అయితే యాకోబు సంగతి చూడుడి. లాబాను అతనిని కౌగిలించుకొని, తన ఎముకయు మాంసమునని పిలిచెను. జీతమేమని కూడ అడిగెను. ఎంత మంచి ఆరంభము! గాని ఏడేండ్లు పదునాలుగేండ్లాయెను. జీతము పదిమారులు మారెను. పగలు ఎండకును రాత్రి మంచుకును యాకోబు క్షీణించెను, కంటికి నిద్ర దూరమాయెను. పొడలును మచ్చలును గల జీవములు అతని పాలు అని ఒప్పుకొన్న దినముననే, లాబాను వాటిని ఏరి తన కుమారుల చేతికప్పగించి మూడు దినముల ప్రయాణమంత దూరము పంపివేసెను. బంధుత్వపు మాట యాకోబునకు నిద్రను ఇయ్యలేదు, జీతమును కాపాడలేదు.

నేటి కొన్ని కంపెనీలు జీతము తగ్గించి వాటా ఇచ్చెదమందురు. ఇది మనమెరిగిన పాలు సేద్యము వంటిది. పండిన పాలు దక్కును, ఎండిన ఏమియు లేదు. 2014 నాటి నిబంధనల ప్రకారము ఆ వాటాహక్కు కనీసము ఒక సంవత్సరము గడువనిదే చేతికి రాదు. అనేక చోట్ల నాలుగేండ్లకు పంచి ఇత్తురు. నడుమ కంపెనీ కూలినయెడల అది కాగితమే. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టబడిన బైజూస్, 2024 జులైలో దివాలా విచారణకు వచ్చెను. అందు పనివారి జీతములు ఆలస్యమాయెను.

పని గంటల మాటయు ఉన్నది. యువకులు వారమునకు 70 గంటలు పని చేయవలెనని ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన నారాయణమూర్తిగారు 2023 అక్టోబరులో అనిరి. ఆరు దినములకు పంచినను దినమునకు దాదాపు పండ్రెండు గంటలు. కష్టపడుట పాపమని నేననను. కాలువకు నీరు వచ్చిన రాత్రి ఏ రైతు నిద్రించును? అదును తప్పిన పంట లేదని మనకు తెలియును. గాని అదునునకు ఒక ముగింపు ఉన్నది. సంవత్సరమంతయు అదునే అనువాని ఎద్దు నిలువదు. దేవుడు విశ్రాంతి దినము నియమించినప్పుడు ఎద్దును గాడిదను సహా జ్ఞాపకము చేసికొనెను (నిర్గమకాండము 23:12).

కాబట్టి ఆ తండ్రికి నేను చెప్పినదిది: ఆ కొలువు మంచిదో చెడ్డదో దాని పేరును బట్టి తీర్పు తీర్చవద్దు. మూడు ప్రశ్నలు అడుగుమనుడి. జీతమును వాటాయును వ్రాతలో ఉన్నవా? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక చట్టములు పనివారందరికి నియామక పత్రము ఇయ్యవలెనని చెప్పుచున్నవి. రెండవది, ఈ అదును ఎప్పుడు ముగియును? మూడవది, "ఈ దినము రాలేను" అని చెప్పినవాని చోటు మరునాడును అట్లే ఉండునా? వీటికి జవాబున్నచోట కుటుంబమను మాట నిజము. లేనిచోట అది లాబాను కౌగిలి.

ఈ ప్రశ్నలు మనలను కూడ విడువవు. మిరపకోతకు పిలిచిన కూలీలను "మనవాళ్లే గదా" అని, కూలి సంతదినము వరకు నిలిపిన చేతులు మనలో లేవా? బిడ్డ ఫోను చేసినప్పుడు "జీతమెంత పెరిగింది?" అనుటకు ముందు "నిద్రపోతున్నావా నాయనా?" అని అడిగినవారమెందరము?

ఆ మూడు ప్రశ్నలు తన యజమానిని అడిగెదనని చెప్పి, ఆ పడుచువాడు రాత్రి బస్సెక్కెను. అడుగుటకు ధైర్యము కావలెను. వినుటకు యజమానికి మంచి మనస్సు కావలెను. ఆ ఇద్దరిని మీ ప్రార్థనలలో జ్ఞాపకముంచుకొనుడి.