బ్యాలెట్ పత్రంపై ఎవరి పేరు?

పౌరుడు తనకు నచ్చినవారికి ఓటు వేయవచ్చునన్న సూత్రం ఎంత విశాలమైనదైనా, ఓటు వేయదగినవారెవరో మరొకరు ముందే తేల్చి ఉంచినచోట అందులో మిగిలే స్వేచ్ఛ ఎంత అన్న ప్రశ్న అమెరికా రాజకీయ చింతనను నూరేళ్లకు పైగా వెంటాడుతున్నది. అంతకు పూర్వం అక్కడ ఈ ప్రశ్నే లేదు. పార్టీలు తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు తామే అచ్చువేయించి పంచేవి; ఎవరు ఏ చీటీ వేస్తున్నారో నలుగురికీ తెలిసేది కనుక ఓట్ల కొనుగోలు, బెదిరింపు సాగేవి. వాటిని అరికట్టడానికి మసాచుసెట్స్ 1888లోనూ, తరువాత ఇతర రాష్ట్రాలూ ‘ఆస్ట్రేలియా బ్యాలెట్’ను, అంటే ప్రభుత్వమే అచ్చువేసే రహస్య బ్యాలెట్‌ను, చట్టబద్ధం చేశాయి. ఓటుకు రహస్యం దక్కింది. దానితోపాటే పత్రంలో ఎవరి పేరు ఉండాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి, ఆచరణలో శాసనసభలను ఏలుతున్న రెండు పార్టీలకు, దఖలుపడింది.

ఆ రెండింటికి వెలుపల నిలిచే మూడో పక్షం సాధారణంగా నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరించి వినతిపత్రం దాఖలు చేయాలి. సంతకం నమోదులోని దానితో పోలకపోయినా, చిరునామా తప్పినా, సంతకందారు నమోదైన ఓటరు కాకపోయినా అది చెల్లదనవచ్చు గనుక, చట్టం అడిగినదానికంటే చాలా ఎక్కువ సేకరిస్తేనే వినతి నిలుస్తుంది. 1968లో ఒహాయో రాష్ట్రం కొత్త పార్టీని గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 15 శాతానికి సమానమైన సంతకాలు అడిగింది. అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జార్జ్ వాలెస్ పార్టీ నాలుగున్నర లక్షలకు పైగా సేకరించినా, గడువు ఫిబ్రవరిలోనే ముగిసిందని రాష్ట్రం తోసిపుచ్చగా, సుప్రీంకోర్టు జోక్యంతోనే ఆయన పేరు పత్రానికెక్కింది. వాలెస్ జాత్యహంకార రాజకీయాలను మెచ్చనివారు కూడా ఆ తీర్పును మెచ్చుకోవలసిందే.

అదే న్యాయస్థానం 1992లో హవాయి వ్యాజ్యంలో, ఎన్నిక ఉన్నది విజేతను ఎంచడానికే గాని పౌరుల భావప్రకటనకు వేదికగా కాదన్న ధోరణిలో, పత్రంలో లేని పేరును రాసి ఓటు వేసే అవకాశాన్ని నిరాకరించిన చట్టాన్ని సమర్థించింది. ఆ వ్యాజ్యం వేసిన ఓటరు నియోజకవర్గంలో శాసనసభ స్థానానికి నిలిచింది ఒక్కరే. ఎన్నిక విజేతను ఎంచడానికే అన్న న్యాయస్థానపు వాదన ఒక మౌలిక విషయాన్ని విస్మరిస్తుంది. ప్రజాస్వామ్యంలో విజేతకు అధికారం గెలిచినవారి ఉత్సాహం వల్ల కాక, ఓడినవారి అంగీకారం వల్ల సిద్ధిస్తుంది. తమ పక్షం బరిలో నిలిచి ఓడిందన్న ఎరుకే వారిని ఆ ఫలితానికి బద్ధులను చేస్తుంది. అసలు బరిలోకే రానివ్వని పక్షం వారికి ఆ బాధ్యత ఏ న్యాయాన అంటుతుంది?

హద్దు అనేదే వద్దని దీనికి అర్థం కాదు. 1996లో ఫ్లోరైడ్ నీటి గోడు వినిపించడానికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి దిగినప్పుడు బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడం తెలుగువారికి తెలిసినదే. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. హద్దు అవసరమే, అయితే దానిని గీసేదెవరు?

తన వ్యాజ్యంలో తానే తీర్పరి కారాదన్నది సహజ న్యాయంలో తొలి పాఠం. పోటీదారును ఆపే నిబంధనను ఆ పోటీలో ఉన్న పార్టీలే రాసుకోవడం దానికి నేరుగా విరుద్ధం. 2004లో పెన్సిల్వేనియాలో సంతకాలు చెల్లక అధ్యక్ష పోటీకి దూరమైన రాల్ఫ్ నాడర్ పక్షంపై, ఆ సంతకాలను ఆక్షేపించినవారి ఖర్చుల కింద 80 వేల డాలర్లకు పైగా పడ్డాయి. న్యూయార్క్ 2020లో రాష్ట్రవ్యాప్త పదవులకు స్వతంత్రులు చూపవలసిన సంతకాలను 15,000 నుంచి 45,000కు పెంచింది. 2024 అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రపు బ్యాలెట్ పత్రంపై అచ్చయిన అభ్యర్థులు ఇద్దరే.