ఆషాఢంలో చెప్పాల్సిన మాట

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. ఒకే పనస దుంగను తొలిచి, ఎక్కడా అతుకు లేకుండా ఏకాండి వీణ తీయడంలో అన్న దిట్ట. మేళం కట్టడంలో తమ్ముడిది అందె వేసిన చెయ్యి. మైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద పరిచి, 24 మెట్లనూ ఒక్కొక్కటిగా నిలబెట్టేవాడు. తీగ మీటి చెవి ఒగ్గేవాడు. మెట్టును వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటేవాడు. "మైనం మెత్తగా ఉన్నప్పుడే సరిచెయ్యాలి. గట్టిపడ్డాక కదిపితే పెళ్లలు లేస్తాయి" అనేవాడు.

ఒక ఆషాఢంలో విశాఖపట్నం నుంచి వాయిద్యాల కొట్టు షావుకారు వచ్చాడు. దసరా ముందు వీణల మరమ్మతులు ముమ్మరంగా వస్తాయని, కొట్లోనే కూర్చుని ఆ పని చూసే మనిషి కావాలని చెప్పాడు. నెలజీతం, ఉండటానికి గది ఇస్తానన్నాడు. ముందు తమ్ముణ్ణి అడిగాడు.

తమ్ముడు అంతా విని, రాత్రి ఇంట్లో మాట్లాడుకుని, మర్నాడు పొద్దున్నే షావుకారు దగ్గరికి వెళ్లాడు. "ఇంతదూరం వచ్చి నన్నడిగారు, అదే పదివేలు బాబూ. జీతానికి వంక లేదు. కానీ నేను రాలేను. బయానా తీసుకున్న వీణలు ఇంటి దగ్గరున్నాయి. మా మేనల్లుడికి పని వచ్చు, పట్నం వెళ్లాలని ఆశ కూడా ఉంది. ఓసారి వాడి పని చూడండి" అన్నాడు.

షావుకారు ముఖం మాడిపోయింది. మేనల్లుడి మాట చెవిన పెట్టలేదు. నేరుగా అన్న దగ్గరికి వెళ్లాడు.

అన్నకీ ఊరు వదలడం ఇష్టంలేదు. కానీ పెద్దమనిషి ముఖం మీద కాదనడం ఎలాగని మొహమాటపడ్డాడు. "మీరింతగా అడుగుతుంటే... చూద్దాం లెండి" అన్నాడు. షావుకారు పొంగిపోయి, "పెద్దవాడికున్న మర్యాద చిన్నవాడికి లేదు" అని నలుగురిలో అన్నాడు.

శ్రావణం వచ్చింది. షావుకారు గది సిద్ధం చేయించి ఫోన్ చేశాడు. "వరలక్ష్మీ వ్రతం కానివ్వండి" అన్నాడు అన్న. మళ్లీ చేస్తే "చవితి వెళ్లాక" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈలోగా పనికోసం వచ్చిన ఇంకొకతన్ని షావుకారు "మనిషి కుదిరాడు" అని పంపేశాడు. తమ్ముడి మేనల్లుడూ వేరేచోట చేరిపోయాడు. నవరాత్రులు వారంలో ఉన్నాయనగా, తాను రావడం లేదని అన్న ఎవరిచేతో కబురు పెట్టాడు.

మెట్లూడిన వీణలు కొట్టు నిండా ఉన్నాయి. షావుకారు వాటిని వ్యాన్‌కెత్తించుకుని తమ్ముడి గుమ్మం ముందు దిగాడు. "ఉద్యోగానికి రానన్నావు గానీ, ఈ పనికి కాదనవు కదా" అన్నాడు. తమ్ముడు రాత్రిళ్లు కూర్చుని మేళాలు కట్టిచ్చాడు. ఆ ఏటి నుంచి మరమ్మతులన్నీ అతని ఇంటికే వచ్చేవి.

అన్న నొచ్చుకున్నాడు. "ఇద్దరం రామనే కదా అన్నాం!" అని షావుకారుని నిలదీశాడు.

"వాడు ఆషాఢంలో అన్నాడు, నువ్వు దసరాకి అన్నావు. నాకు వాడి మీద ఒక్కపూట కోపం వచ్చింది. నీవల్ల ఒక సీజనే పోయింది" అన్నాడు షావుకారు.

నీతి: అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు. ఉద్యోగం ఇస్తామన్నవారికి మన జవాబు వచ్చేదాకా చెయ్యి ఆడదు. ఇంకొకరిని తీసుకోలేరు, మనల్ని వదులుకోలేరు. చేరే ఉద్దేశం లేనప్పుడు నాన్చడం మర్యాద అనిపించుకోదు. వాళ్ల కాలాన్ని, ఆ పని అవసరమైన మరొకరి అవకాశాన్ని కూడా పాడుచేయడమే. పిలిచినందుకు సంతోషం చెప్పి, జీతానికీ పనికీ వంకలు పెట్టకుండా, ఉన్న కారణం ఒక్కటి చెప్పి, రాలేనని వెంటనే తేల్చేయాలి. ఎవరైనా తగినవారు తెలిస్తే పేరు చెప్పాలి. వదులుకున్నది ఉద్యోగాన్నే కానీ మనిషిని కాదని అప్పుడే అవతలివారికి తెలుస్తుంది.