వద్దన్న చింతపండు

ఇవ్వడం మీద మా చర్చిలో విన్నన్ని ప్రసంగాలు మరి దేనిమీదా వినలేదు. తీసుకోవడం మీద మాత్రం ఒక్కటీ విన్న గుర్తు లేదు. కొన్నాళ్ళుగా నన్ను సతాయిస్తున్నది ఆ రెండోదే.

"ఏమీ ఆశించకుండా సేవ చెయ్యాలి." ఈ మాటకు గుళ్ళోనూ తలలూపుతారు, చర్చిలోనూ ఊపుతారు, రోటరీ క్లబ్బులోనూ ఊపుతారు. ఇంతమంది ఇంత తేలిగ్గా ఒప్పుకునే మాటలో ఎక్కడో తిరకాసు ఉండి తీరాలి. మన దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేని మనిషికి అసలు మనతో పనేమిటి? కొన్ని పెళ్ళి కార్డుల కింద చిన్న అక్షరాల్లో "చదివింపులు స్వీకరించబడవు" అని అచ్చేస్తారు. కలిగినవాళ్ళ కార్డుల మీదే అది కనిపిస్తుంది. వెళ్తాం, కడుపునిండా తింటాం, వస్తాం. కానీ ఆ ఇంటి చదివింపుల పుస్తకంలో మన పేరు పడదు. రేపు మన ఇంట్లో శుభకార్యానికి వాళ్ళు రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. 1986 తర్వాత ఇక్కడివాళ్ళు అంత నీరు చూడలేదు. వరద తీశాక మా సంఘం తరఫున ఒక డీసీఎం వ్యాను నిండా సరుకులు వేసుకుని దుమ్ముగూడెం వైపు వెళ్ళాం. బియ్యం, పప్పు, నూనె, దుప్పటి, టార్పాలిన్ పట్టా కలిపి ఇంటికో కిట్టు. బండికి ముందు బ్యానరు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు, యూత్ పిల్లలు ఫోన్లు పైకెత్తారు. ఫోటో తియ్యొద్దని అనడానికి లేదు. డబ్బు పంపినవాళ్ళకు ఆ ఫోటోయే రసీదు.

ఒక కోయ ముసలామె కిట్టు తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటికి అడ్డాకులో చుట్టిన చింతపండు ముద్దతో మళ్ళీ వచ్చింది. అటక మీద పెట్టింది కాబట్టి తడవలేదట. మా సంఘ పెద్ద ఒకాయన చేతికి ఇవ్వబోయింది. ఆయన మంచివాడు, నిజంగానే మంచివాడు. రెండు చేతులూ జోడించి, "వద్దమ్మా, మేం తీసుకోకూడదు" అన్నాడు. మా వెంట వచ్చిన ఒకావిడ "దేవునికే మహిమమ్మా, మాకేం వద్దు" అని భుజం తట్టింది. అంతదాకా మాతో తెలుగులో చక్కగా మాట్లాడిన మనిషి, ఒక్కసారిగా ఆ భాషే తెలియనట్టు చూసింది. ముద్దను అట్లాగే పట్టుకుని నిలబడింది. లోపలికీ పోలేదు.

అప్పుడు మా డ్రైవరు బండి దిగాడు. అతను మా సంఘంవాడు కాదు. బూర్గంపాడు మనిషి, మెళ్ళో ఆంజనేయస్వామి బిళ్ళ. "ఇటియ్యవ్వా" అని అందుకున్నాడు. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, "గింజ మంచిగ తీసినవ్. చెట్టు యాడిది, గుట్ట కిందిదా?" అన్నాడు. ఆమె మొదలుపెట్టింది. చెట్టు మొదలు దాకా నీళ్ళు రావడం, దాని కొమ్మకు కట్టిన మేకను ఎవరో విప్పడం మర్చిపోవడం, మనవడు ఈదుకుంటూ పోయి తేవడం. మాటల్లో తేలిందేమంటే, డ్రైవరు అత్తగారి ఊళ్ళో ఎవరో ఒకప్పుడు ఆమె అన్న దగ్గర ఎద్దును కొన్నారు. అది మంచి ఎద్దేనా కాదా అన్న దానిమీద ఇద్దరూ కాస్త వాదించుకున్నారు కూడా. మేం పొద్దుటి నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్నాం. మా దగ్గర ఉన్నది ఒక జాబితా, అందులో ఒక వరస నంబరు, దాని ఎదురుగా ఆమె వేలిముద్ర.

తిరుగు దారంతా ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చింతపండు డ్యాష్‌బోర్డు మీద ఉంది.

మాది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకు ముందే ఒక్కటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్ళు కలిసి చేసుకున్న సంఘం. ఈ అడవి అంచుకు మాత్రం మొదట వచ్చినవాళ్ళు ఆంగ్లికన్లే. గోదావరి మీద ఎగువకు పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ కన్న కలలో భాగంగా దుమ్ముగూడెం ఆనకట్ట పని చూడడానికి వచ్చిన ఇంజినీరు హేగ్, 1860 ప్రాంతంలో ఆ పనుల మధ్యే ప్రార్థన కూటం పెట్టాడు. ఆయన కింద పనిచేస్తూ క్రైస్తవుడైన వెంకటరామరాజు ఉద్యోగం మానుకుని కోయల మధ్య బోధకుడయ్యాడు. పడవల పథకం 1871లో మూతపడింది, మిషను మిగిలిపోయింది. తర్వాత జాన్ కెయిన్ అనే దొర వచ్చి ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయాడు. కోయ మాట నేర్చాడు. వాళ్ళ పెళ్ళిళ్ళు, చావులు, గట్టులనే గోత్రాలు, వేల్పులు అన్నీ గుచ్చి గుచ్చి అడిగి 'ఇండియన్ యాంటిక్వెరీ'లో రాశాడు. థర్స్టన్ తన కులాల గ్రంథంలో కోయల గురించి రాసినప్పుడు ఎక్కువగా ఆయన మీద ఆధారపడ్డాడు.

సేవ ముసుగులో మతం మార్చారు అంటారు. ముసుగెక్కడిది? వాళ్ళెందుకు వచ్చారో దాచుకోలేదు. వాళ్ళకు కోయల ఆత్మలు కావాలి. అంత పెద్ద కోరిక ఉంది కాబట్టే అంత దగ్గరగా కూర్చోవాల్సి వచ్చింది. మాకు ఏ కోరికా లేదు. అందుకే ఆ ముసలామె పేరు కూడా తెలుసుకోకుండా మధ్యాహ్నానికల్లా తిరిగి రాగలిగాం. ఆశ ఉన్నవాడే మనిషిని తెలుసుకుంటాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ మాట అన్న వెంటనే దానికి ఎదురు కూడా నేనే చెప్పుకోవాలి. ఆశపడి వచ్చినవాళ్ళు తీసుకున్నది తక్కువేం కాదు. భూమి పండుగకు వేటాడి తెచ్చిన మాంసం ఊరంతా పంచుకుంటారు. క్రీస్తును నమ్ముకున్న ఇళ్ళవాళ్ళు అది విగ్రహార్పితమని ముట్టరు. తినకపోతే పోయేది కూర కాదు, ఊళ్ళో వాటా. పైగా కాలం చూడండి: 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రభుత్వం కింద వేశారు, పోడు పన్ను పెరిగింది, 1879లో లేచిన రంప పితూరీ రేకపల్లి దాకా పాకింది. పన్ను వసూలు చేసిన దొరలూ, సువార్త చెప్పిన దొరలూ ఒకే రంగువాళ్ళు. వేరుచేసి చూడమని కోయవాణ్ణి అడిగే హక్కు ఎవరికుంది? కాబట్టి ఆశ మంచిదన్న నా మాట కూడా నిలవదు. కానీ ఆశ లేకపోవడం మంచిదన్న మాట అంతకన్నా నిలవదు.

1910లో ఎడిన్‌బరోలో, స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ల సభాభవనంలో, ప్రపంచ మిషనరీ సభ జరిగింది. తిరునెల్వేలి నుంచి దోర్నకల్‌కు వచ్చి ఏడాది తిరగని అజరయ్య గారు అక్కడ మాట్లాడారు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు, మాకు కావలసింది అదే అన్నారు. సభలో చాలామందికి నచ్చలేదట, నచ్చదు మరి. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా భారతీయుణ్ణి ఇంటికి భోజనానికి పిలవని దొరల గురించి ఆ దొరల ముందే చెప్పారు. రెండేళ్ళకు, 1912 డిసెంబరులో, దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మా పెద్దలు ఆ ప్రసంగాన్ని తెల్లవాళ్ళకు పెట్టిన చీవాట్లుగా చెప్పుకుని సంబరపడతారు. ఇవాళ డీసీఎం ఎక్కి దిగుతున్నది ఎవరో ఆలోచించరు.

ఆ అజరయ్య గారే బీదల దగ్గర కానుక తీసుకోవాలని పట్టుబట్టారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి చర్చికి తెచ్చే అలవాటు ఈ ప్రాంతపు మాదిగ, మాల పేటల్లో బాగా ఎరిగినదే. మిజోరం ప్రెస్బిటేరియన్ ఆడవాళ్ళు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం ఇప్పటికీ నడుస్తోంది. కూలికి పోయే ఇంటి దగ్గర పిడికెడు బియ్యం గుంజుకుంటారా అని చదువుకున్నవాళ్ళకు కోపం. నాకు ఆ కోపం అర్థం కాదు. దొరవారి గింజలు తినడానికే పుట్టిందనిపించుకున్న ఇల్లు, మొదటిసారి ఇంకొకరికి కొలిచి పెట్టింది ఆ పిడికిలితోనే. అయితే అది చందా పుస్తకంలో బాకీగా మారిన సంఘాలనూ చూశాను. తేలేనివాళ్ళు ఆదివారం ఇంట్లోనే ఉండిపోవడం చూశాను.

మా ఊరి దేవుడికి ఈ విషయంలో పేచీ లేదు. రామదాసు కన్నా ముందే ఆ విగ్రహాలను మొదట కనిపెట్టి పూజించింది పోకల దమ్మక్క అనే అడవి మనిషని చెబుతారు. తాటిపండు నైవేద్యం పెట్టిందట. రాముడు మేం తీసుకోకూడదమ్మా అనలేదు. తర్వాత ఆ రామదాసే, అంటే కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలకు వెళ్తే, ఆ రాముడే తానీషాకు మొహరీలు లెక్కగట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాడని కథ. దేవుడు కూడా ఎవరిదీ ఏదీ ఊరికే ఉంచుకోలేదు. మా గ్రంథంలోనూ అంతే కదా. బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు సంభాషణ మొదలైంది ఉపదేశంతో కాదు. దాహానికి నీళ్ళడిగాడు.

ఇంతవరకూ నా వాదం నాకు బాగానే ఉంది. దీన్నంతా ఒకరోజు మా స్నేహితుడైన ఒక రిటైర్డు మాస్టారుకు ఉత్సాహంగా చెప్పాను. చర్ల వైపు కోయ కుటుంబం ఆయనది. చింతపండు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త వణికి కూడా ఉంటుంది. అంతా విని ఆయన అన్నాడు: "ఆమె ప్రేమతోటే తెచ్చిందని మీకెట్ల తెలుసు సార్? బండి దిగినోడికి ఏదో ఒకటి ముట్టజెప్పాలె అని మా అమ్మ గూడ అనుకునేది. గార్డొస్తే కోడి, పట్వారీ వస్తే నెయ్యి. ఆళ్ళు అడగక ముందే ఇస్తే తక్కువల పోతది."

దానికి నేనేం మాట్లాడలేదు. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ చింతపండు కానుక కాదు, మామూలే అనుకుందాం. అప్పుడు నేను కట్టిందంతా తలకిందులవుతుంది. మా పెద్దాయన "వద్దమ్మా" అన్నది ఆ గడపలో బండి దిగిన మనిషి నోట మొదటిసారి వినబడిన మాట కావచ్చు. ఆ చూపులో నేను చదివిన అవమానం అవమానం కాకపోవచ్చు. ఆశ్చర్యమో, భయమో కావచ్చు. చిన్న మామూలు వద్దన్నవాడు పెద్దదే అడగబోతున్నాడని భయం. డ్రైవరు అందుకున్నప్పుడు ఆమె మాటలు వరదలా వచ్చాయంటే, స్నేహం కుదిరిందనా, గండం గడిచిందనా? ఎద్దు మంచిదా కాదా అని వాదించింది కదా, భయపడేవాళ్ళు వాదిస్తారా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. మళ్ళీ అనుకుంటాను, డ్రైవరుతో వాదించవచ్చు, బ్యానరుతో వాదించలేం. రెండూ నిజమై ఉండొచ్చు. ఒకే చింతపండు మా పెద్దాయన ముందు మామూలుగానూ, డ్రైవరు చేతిలో పడేసరికి ఇచ్చిపుచ్చుకోవడంగానూ మారి ఉండొచ్చు. ఆమెనే అడగాలంటే ముందు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళడానికి ఈసారి వరద లేదు.

క్రిస్మస్ ముందు సంఘ కమిటీలో దుప్పట్ల పంపిణీ లెక్క వచ్చింది. లబ్ధిదారుల దగ్గర ఏ వస్తువూ తీసుకోరాదన్న నియమం ఉంచాలా, తీసెయ్యాలా అని యూత్ పిల్లాడు ఒకడు అడిగాడు. వాడు చింతపండు రోజున మాతో ఉన్నవాడే. తీసెయ్యాలని నేను అంటానని వాడి ఆశ, నా ముఖం కేసి చూశాడు కూడా. ఉంచాలనే నేను చెయ్యెత్తాను. బండి దిగినవాళ్ళకు ఆ కట్టడి ఉండి తీరాలి. లేకపోతే ఈ ఏడు చింతపండు, వచ్చే ఏడు కోడి, ఆ తర్వాత ఎవరి కోడి పెద్దదో వాళ్ళ పేరు జాబితాలో ముందు. మమ్మల్ని నేను ఎరుగుదును.

కానీ కమిటీలో ఇంకొకటి ఎత్తాను. ఆ ఊళ్ళవాళ్ళకు జ్వరమొచ్చినా, కాన్పొచ్చినా భద్రాచలం ఏరియా ఆసుపత్రికే వస్తారు. వెంట వచ్చినవాళ్ళు చెట్ల కిందే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. మాలో సగంమంది ఇళ్ళు అక్కడికి నడక దూరం. బ్యానరు మీద సంఘం ఫోను నంబరు అచ్చేస్తాం, మా ఇల్లెక్కడో మాత్రం ఎవరికీ చెప్పం. వాళ్ళు బండి ఎక్కి మా గడపకు వచ్చి, సంచిలో ఏదైనా తెస్తే అది తీసుకోవచ్చు కదా. అప్పుడు ఇచ్చేది వద్దనడానికి మనం ఏ నియమం చూపిస్తాం?

ఖజానాదారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంటికి పిలవడమంటే ఎంతమందినని పిలుస్తాం అన్నా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఇప్పటిదాకా ఒక్కరినీ పిలిచి చూడలేదు కాబట్టి ఎంతమందో నేనూ చెప్పలేకపోయాను. దుప్పటి ఒక్కోటి ఎంత పడుతుందన్న దానిమీదికి మాట మళ్ళింది.