చిలుక దొంగా?



మేడమీద ఆరబెట్టిన వడియాలను కాకి ఎత్తుకొనిపోతే, జామకాయను రామచిలుక సగము కొరికి పారవేస్తే మనము "దొంగముండ" అని తరుముతాము. ఇది నాది, అది నీది అని తెలిసినవాడే గదా దొంగ కాగలడు! చెట్టు మనదని చిలుకకు ఎవరు చెప్పారు? అయినను నష్టము నష్టమే. చెట్టుకు వల కప్పుకొంటే తప్పు లేదు.

తప్పంతా మరొకచోట ఉన్నది. ముచ్చట కావాలి, అల్లరి వద్దు అనుకొనేవారు పంజరము కొంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకను పట్టడము, అమ్మడము, ఇంట పెంచడము నేరము. చిలకజోస్యము చిలుకకూ ఇదే చట్టము. "పిల్లలు ముచ్చటపడ్డారండి" అనే జవాబు మన ఇండ్లలోనూ వింటున్నాము. పిల్లలకు చూపడానికి కిటికీ లేదా?

మన చెన్నై రాయపేటలో కెమెరాలు బాగుచేసే జోసఫ్ శేఖర్ గారు 2004 సునామీ తరువాత మేడమీదికి వచ్చిన చిలుకలకు బియ్యము పెట్టనారంభించారు. రానురాను అవి వేలైనవి. ఏండ్ల తరబడి తన సంపాదనలో పెద్ద భాగము వాటి బియ్యానికే పోయినది. తిన్న చిలుకలు ఎగిరిపోయేవి. అంతగా పెడితే అవి మేత వెదకుకొనడము మానవా అని అడిగేవారున్నారు, అడగదగినదే. మనబోటివారికి ఎండాకాలము మూకుడులో నీళ్లు పెడితే చాలు.

ఇదివరకే పంజరములో ఉన్నదానిని తలుపు తీసి వదలరాదు. రెక్కలు కత్తిరించినది కాకుల పాలవుతుంది. అటవీశాఖవారికి అప్పగించండి.