ఖరీదైన గడియారం - రెండు జవాబులు

కాలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు కాలం పేరే ఉంది. ఆ సూరా కాలంపై ప్రమాణంతోనే మొదలవుతుంది. రోజుకు ఐదుసార్లు వేళ చూసుకుని అల్లాహ్ ముందు నిలబడే సముదాయానికి గడియారం పరాయి వస్తువు కాదు. నీటి గడియారాల నిర్మాణాన్ని వివరించిన అల్ జజరీ తన గ్రంథాన్ని 1206లో పూర్తి చేశాడు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిదులో నమాజు వేళలు లెక్కగట్టే బాధ్యత చూసిన ఇబ్ను షాతిర్, 1371లో ఆ మస్జిదు మినారు కోసం నీడ గడియారం తయారు చేశాడు. కాబట్టి మంచి గడియారాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? గడియారం వేళ చెప్పడం మాని, తొడిగినవాడి హోదా చెప్పడం మొదలుపెట్టినప్పుడా? పెట్టెలో ఒకటికి పది చేరినప్పుడా? వేలం పాటలో లక్షలు పోసి కొన్నప్పుడా? ఈ ప్రశ్న కోటీశ్వరులకే పరిమితం కాదు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి కష్టపడి సంపాదించిన మన పిల్లలు కూడా ఈ రోజుల్లో ఖరీదైన వాచీల గురించి మాట్లాడుకుంటున్నారు. అందుకే ఈ విషయాన్ని నింపాదిగా ఆలోచిద్దాం.

ధర ఎక్కడ పుడుతుంది?

మన ఇళ్లలో ఒక తరం పెద్దలకు పెళ్లిలో అందిన కానుక హెచ్.ఎం.టి. వాచీ. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో 1961లో ఆ కర్మాగారం మొదలైంది. రోజూ ఉదయం కీ ఇస్తే ఇరవై నాలుగు గంటలు నడిచే ‘జనతా’ వాచీని కర్నూలులో గుమాస్తా తొడిగాడు, ఆదోనిలో పత్తి వ్యాపారీ తొడిగాడు. ఆ వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయించింది. ఆ తర్వాత అవే పాత వాచీలకు సేకరణదారుల్లో గిరాకీ పెరిగింది. వాచీలో యంత్రం మారలేదు, వేళ చెప్పే తీరూ మారలేదు. ఇక దొరకదన్న మాట ఒక్కటే ధరను పెంచింది.

పెద్ద వేలం పాటల్లోనూ జరిగేది ఇదే. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ తొడిగిన రోలెక్స్ వాచీ కొత్తగా ఉన్నప్పుడు కొన్ని వందల డాలర్లకు దొరికే రకం. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన వేలంలో దాని ధర ఒక కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. నిజానికి ఎంత గొప్ప కీ వాచీ అయినా రోజుకు కొన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుంది. బజారులో కొన్ని వందల రూపాయలకు దొరికే సెల్లు వాచీ, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క పుణ్యాన, అంతకంటే సరిగ్గా వేళ చెబుతుంది. అంటే అక్కడ అమ్ముడుపోయింది వేళ కాదు. కొంత పనితనం, కొంత ఒక పేరు, కొంత ‘ఇది మరొకరి దగ్గర లేదు’ అన్న తృప్తి.

పనితనానికి విలువ కట్టడం న్యాయమే. కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుకలాంటి స్ప్రింగును సరిచేసే మన బజారులోని వాచీ మెకానిక్ కష్టాన్ని చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మనల్ని మనం తడిమి చూసుకోవలసింది ఆ చివరి తృప్తిని గురించే.

అహంకారం బంగారంలోనే లేదు

పురుషులకు బంగారం ధరించడం ధర్మసమ్మతం కాదని మనకు తెలుసు. ‘మాది బంగారు వాచీ కాదు, ఉక్కుదే’ అని కొందరు ఊరట చెందుతారు. అయితే 2019 నవంబరులో జెనీవాలో 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికి రికార్డు సృష్టించిన పటేక్ ఫిలిప్ చేతి వాచీ ఉక్కుదే! అప్పటి లెక్కన అది రెండు వందల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ రకంలో ఉక్కుతో చేసింది అదొక్కటే కావడం వల్లే అంత పోటీ వచ్చింది. ఆ సొమ్ము కండరాలను క్షీణింపజేసే ఒక వ్యాధిపై పరిశోధనకు ఉద్దేశించినదని కూడా చెప్పాలి. కొన్నవారి సంకల్పం ఏమిటో అల్లాహ్‌కే తెలుసు, తీర్పు చెప్పడం మన పని కాదు. మనం నేర్చుకోవలసింది ఒక్కటే. లోహం మారినంత మాత్రాన మనసు మారదు.

అందంగా ఉండాలనుకోవడం అహంకారం కాదనీ, సత్యాన్ని తోసిపుచ్చడం, తోటివారిని చులకన చేయడమే అహంకారమనీ దైవప్రవక్త (స) వివరించారు. ఈ కొలబద్ద చాలా సూక్ష్మమైనది. వంద రూపాయల వాచీతో కూడా తోటివాడిని చులకన చేయవచ్చు. లక్షల వాచీ తొడిగి కూడా వినయంగా ఉండవచ్చు. కాకపోతే రెండోది కష్టం.

వేలం పాట సంగతి

వేలం పాట ఇస్లాంలో నిషిద్ధం కాదు. సాయం అడగవచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న దుప్పటినీ, గిన్నెనూ దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేసిన సంఘటన హదీసుల్లో ఉంది. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు, మరొకరు రెండు దిర్హమ్‌లకు కొన్నారు. ఆ సొమ్ములో ఒక దిర్హమ్ ఇంటి తిండికి, ఒక దిర్హమ్ గొడ్డలికి వెళ్లింది. ఆ మనిషి కట్టెలు కొట్టి అమ్ముకుని తన కాళ్లమీద నిలబడ్డాడు. ఆ వేలం ఇంట్లో పడి ఉన్న వస్తువును పనిచేసే పనిముట్టుగా మార్చింది. సేకరణదారుడి వేలంలో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. పనిచేసే పనిముట్టు ఇనప్పెట్టెలోకి వెళ్లి పడి ఉంటుంది.

కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాట పాడటాన్ని మాత్రం దైవప్రవక్త (స) నిషేధించారు. అమ్మేవాడు పెట్టుకున్న రహస్య కనీస ధర వరకు అతని తరఫున వేలందారే పాట పెంచవచ్చని పెద్ద వేలం సంస్థల నిబంధనల్లోనే ఉంటుంది. ఇలాంటి పాటకు దిగే ముందు ఉలమాను అడిగి తెలుసుకోవడం అవసరం. మోసం రెండో వైపు నుంచీ రావచ్చు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతకడం మనందరికీ తెలిసిందే. రాయి దొరికిన రైతు దగ్గరికి వర్తకులు చేరి ధర పాడతారు. వాళ్లు ముందే కూడబలుక్కుని తక్కువలో పాట ఆపితే అది రైతు హక్కును కాజేయడమే. వస్తువు వజ్రమైనా వాచీ అయినా ధర్మం ఒక్కటే.

రెండు జవాబులు

ఇక అసలు విషయానికి వద్దాం. పది లక్షలు పెట్టి వాచీ కొన్న మనిషిని ‘ఇంత ఖర్చు ఎందుకు?’ అని భార్య అడుగుతుంది. ‘ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. రేపు అమ్మితే రెట్టింపు వస్తుంది’ అంటాడు. రమజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు అదే మనిషి ‘వాచీ సొంత వాడకానికి కదా, దానికి జకాత్ లేదు’ అంటాడు. వాచీ ఒకటే, జవాబులు రెండు!

షరీఅత్‌లో ఈ రెండింటికీ చోటుంది, కానీ ఒకేసారి కాదు. సొంత వాడకానికి కొన్న వస్తువుపై జకాత్ లేదు. తిరిగి అమ్మాలన్న సంకల్పంతో కొన్నది వ్యాపార సరుకు. నిసాబ్ ఉన్నవాడు ఏడాది నిండగానే దాని మార్కెట్ ధరపై రెండున్నర శాతం చెల్లించాలి. పది లక్షల వాచీపై అది ఏటా పాతిక వేల రూపాయలు. వానలు లేక పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోయే కుటుంబానికి పాతిక వేలంటే ఏమిటో మనకు తెలుసు. ‘వాడకం’ అన్న ఒక్క మాటతో మనం తప్పించింది ఆ కుటుంబం హక్కునేమో! మనిషిని మోసగించవచ్చు, సంకల్పాన్ని ఎరిగినవాడిని మోసగించలేము. సంపదను ఎలా ఆర్జించావు, ఎందులో ఖర్చు చేశావు అన్న ప్రశ్నలకు ప్రళయదినాన రెండు జవాబులు చెల్లవు.

పెట్టె తెరిచినప్పుడు

హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా వస్తువులు సేకరించారు. 1949లో ఆయన మరణించారు, ఏదీ వెంట తీసుకుపోలేదు. 1951 డిసెంబరు 16న ఆ సేకరణను ప్రజలకు తెరిచారు. అందులోని సంగీత గడియారం ముందు నేటికీ జనం గుమిగూడతారు. గంటకోసారి ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి గంటలు కొడుతుంటే పిల్లలు లెక్కపెడతారు. ఒకరి సొత్తుగా ఉన్న గడియారం ఇప్పుడు అందరికీ వేళ చెబుతోంది. సేకరించినదానికి ఇంతకంటే మంచి గతి ఏముంటుంది? అయితే అందుకోసం మన మరణం దాకా ఆగనక్కర్లేదు.

ప్రియ సోదర సోదరీమణులారా! మంచి వాచీ ఉంటే తొడుక్కుందాం. అది అజాన్ వేళకు మనల్ని మస్జిదుకు నడిపించాలి, మాటిచ్చిన వేళకు మాటిచ్చినవారి ముందు నిలబెట్టాలి. వాడనివి ఉంటే అమ్మి, ఎవరికో ఒకరికి గొడ్డలి కొనిపెడదాం. అమ్మడానికే దాచుకుంటే, ఈ ఏడాదే దాని జకాత్ లెక్క రాసుకుందాం. ఏ వేలం పాటలోనూ ఎంత పాడినా తిరిగి కొనలేనిది గడిచిపోయిన ఒక్క ఘడియ. అల్లాహ్ మన కాలానికీ, మన సంపదకూ ఒకే నిజాయితీ జవాబు చెప్పుకోగల సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.