నేర్చిన విద్య నిలవాలంటే



“మావాడికి చదివితే రాదు, వింటేనే వస్తుంది” అని కొందరు తల్లిదండ్రులు మాతో అంటుంటారు. స్వభావాలు వేరువేరన్నది నిజమే. ప్రవక్త సహచరుల్లో హజ్రత్ అబూ హురైరా (రజి) విన్నది కంఠస్థం చేసేవారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) దైవప్రవక్త (స) అనుమతితో వ్రాసుకునేవారు.

అయితే పద్ధతి ఏదైనా, పునశ్చరణ లేనిదే విద్య నిలవదు. ప్రతి రమజానులో జిబ్రీల్ (అ) దైవప్రవక్త (స)తో ఖుర్ఆన్ పునశ్చరణ చేసేవారు. ఆయన చివరి సంవత్సరంలో అది రెండుసార్లు జరిగింది. వహీ అందుకున్న మహనీయునికే పునశ్చరణ ఉండగా, మన పిల్లలకు అక్కర్లేదా? కంఠస్థం చేసిన ఖుర్ఆన్‌ను కనిపెట్టుకుని ఉండకపోతే, కట్టు విప్పుకున్న ఒంటెకన్నా వేగంగా చేజారుతుందని ఆయన హెచ్చరించారు.

పిల్లవాడి ‘శైలి’ని బట్టి బోధిస్తేనే చదువు బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా తేల్చారు. పుస్తకం మూసి జ్ఞాపకం చేసుకోవడం, కొన్ని రోజుల ఎడంతో మళ్ళీ చదవడం అందరికీ మేలు చేస్తాయి. మదరసాల్లో సబఖ్ అప్పజెప్పడం, పాత పాఠం వినిపించడం, తోటివారితో తక్రార్ చేయడం ఇదే కదా!

కనుక ఇషా నమాజు తర్వాత పది నిమిషాలు కేటాయించండి. పుస్తకం మూయించి ఆనాటి పాఠం బిడ్డ నోట వినండి. తడబడితే కసరకండి. “వీడికి చదువు రాదు” అనే ముద్ర వేయకండి. ఆ మాట బిడ్డ మనసులో నాటుకుంటే ప్రయత్నమే మానేస్తాడు. సంతానం మన దగ్గరున్న అమానతు. దాని గురించి రేపు అల్లాహ్ సన్నిధిలో మనం సమాధానం చెప్పుకోవాలి.

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానం ప్రసాదించుగాక! ఆమీన్.